రేడియోహెడ్ అభిమానుల తగువు ఆల్బమ్ దగ్గరే ఎందుకు ఆగిపోతుంది

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరితే మూడో మాటకే ఆల్బమ్ పేరు వచ్చేస్తుంది. ఓకే కంప్యూటర్ తర్వాత వీళ్లకి పాట కట్టడం చేతకాలేదని ఒకరంటారు. అసలు కథ కిడ్ ఏ తోనే మొదలైంది, అంతకు ముందుదంతా మామూలు గిటార్ రాక్ అని ఇంకొకరంటారు. మధ్యలో ఇన్ రెయిన్‌బోస్ వర్గం వచ్చి, మీ ఇద్దరికీ కావలసింది ఇందులోనే ఉంది కదా అని సర్దిచెప్పబోయి, ఇద్దరి చేతా తిట్లు తింటుంది. పాతికేళ్లుగా వాదన ఇలాగే నడుస్తోంది, పేర్లు మారతాయి తప్ప వరస మారదు.

ఈ తగువులో తప్పేమీ లేదు, సరదాగానే ఉంటుంది. కాకపోతే కొలిచే కర్రే తేడా. ప్రయోగం బాగుందా లేదా అన్నది ఆల్బమ్ లెక్కన తేల్చాలని చూస్తారు అందరూ. ఈ బ్యాండ్ పనిచేసే తీరు చూస్తే ప్రయోగం ఒక్కో పాట మీద జరిగింది, అదీ ఒక్కసారి కాదు. ఒకే పాటని ఏళ్ల తరబడి విప్పి, మళ్లీ బిగించి, నచ్చక పక్కన పడేసి, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మళ్లీ తీసి చూశారు. రికార్డు మీదకి ఎక్కింది అందులో ఒక రూపం మాత్రమే. అభిమానులు పోట్లాడుకునేది ఎక్కువగా ఆ ఒక్క రూపం గురించే.

కథ కాస్త వెనక నుంచి చెప్పుకోవాలి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరున్న అబింగ్డన్‌లో ఒకే స్కూల్లో చదివిన ఐదుగురు, టామ్ యార్క్ (గొంతు), జానీ గ్రీన్‌వుడ్ (గిటార్), అతని అన్న కాలిన్ (బాస్), ఎడ్ ఓబ్రయన్ (గిటార్), ఫిల్ సెల్వే (డ్రమ్స్), 1985లో బ్యాండ్ పెట్టారు. అప్పటి పేరు ఆన్ ఎ ఫ్రైడే. 1991లో ఈఎంఐ కంపెనీతో ఒప్పందం కుదిరాక టాకింగ్ హెడ్స్ బ్యాండ్ పాట పేరొకటి తీసుకుని రేడియోహెడ్ అయ్యారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఐదుగురూ వాళ్లే. రాక్ బ్యాండ్లలో ఇది అరుదు, పైగా కిడ్ ఏ టైమ్‌లో విడిపోయేంత పని అయ్యాక కూడా.

1992లో వచ్చిన క్రీప్ పాటని ఇంగ్లండ్‌లో మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 1993లో మళ్లీ విడుదల చేస్తే పెద్ద హిట్టయింది. ఇప్పుడు గట్టి అభిమాని ఎవరైనా ఆ పాట పేరెత్తితే మొహం చిట్లిస్తాడు, అది రేడియోహెడ్ కాని రేడియోహెడ్ అన్నట్టు. నిజానికి ఆ పాటలో జనానికి గుర్తుండిపోయింది ఏమిటి? కోరస్‌కి ముందు మెత్తగా పోతున్న పాటని చీల్చుకుంటూ వచ్చే ఆ గిటార్ గరగర. పాట మరీ మెత్తగా ఉందని విసుగొచ్చి జానీ దాన్ని చెడగొట్టాలనే గట్టిగా వాయించాడని, ఆ చప్పుడే పాటని నిలబెట్టిందని ఓబ్రయన్ చెప్పాడు. అంటే వాళ్ల మొదటి హిట్‌లోనే చెడగొట్టే గుణం ఉంది. కిడ్ ఏ లో ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఓకే కంప్యూటర్ 1997లో వచ్చింది. ఆ ఆల్బమ్ బాగుందా అన్న దాని మీద పెద్ద గొడవ ఎప్పుడూ లేదు, తర్వాత జరిగిన దాని మీదే గొడవంతా. ఏడాది పాటు ఊళ్లు తిరిగి కచేరీలు చేసేసరికి యార్క్ పూర్తిగా అలిసిపోయాడు, పాట రాద్దామని కూర్చుంటే రావడం లేదు, గిటార్ సంగీతమంటేనే విరక్తి. అఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి వాళ్ల ఎలక్ట్రానిక్ రికార్డులు వింటూ గడిపాడు. పక్కన ఓబ్రయన్ ఏమో చిన్న చిన్న గిటార్ పాటలతో ఆల్బమ్ చేద్దామని అనుకుంటున్నాడు. 1999 మొదట్లో ప్యారిస్‌లో రికార్డింగ్ మొదలైతే ఎవరు ఏం వాయించాలో ఎవరికీ తెలియదు. డ్రమ్స్ మెషీన్ కొడుతుంటే డ్రమ్మర్ ఏం చెయ్యాలి, గిటార్ వద్దంటే ముగ్గురు గిటారిస్టులు ఏం చెయ్యాలి? మాటలు రాకపోతే యార్క్ వాక్యాలు కాగితం ముక్కల మీద రాసి, టోపీలో వేసి, చేతికి దొరికినవి తీసి పాడాడు.

2000 అక్టోబర్‌లో కిడ్ ఏ వచ్చింది. ముందుగా సింగిల్ (విడిగా వదిలే పాట) లేదు, మామూలు మ్యూజిక్ వీడియో లేదు, కొన్ని సెకన్ల బొమ్మల క్లిప్పులు మాత్రం వదిలారు. అయినా అమెరికాలో నేరుగా నంబర్ వన్‌కి వెళ్లింది. అమెరికన్ సంగీత వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ 10కి 10 ఇచ్చింది, ఇంగ్లండ్‌లో మెలడీ మేకర్ పత్రిక చెత్త అన్నంత పని చేసింది. అభిమానులు రెండుగా చీలింది ఆ వారంలోనే. ఆ చీలికలో పుట్టిన ఆరోపణలే ఇప్పటికీ తిరుగుతున్నాయి కాబట్టి వాటిని కాస్త దగ్గర నుంచి చూడాలి.

మొదటిది, గిటార్లు తీసేశారు, అందుకే చల్లగా, మనిషి లేనట్టుగా ఉంది అని. ఇది విన్నంత వరకు నిజమే, లెక్కపెడితే కాదు. ఆప్టిమిస్టిక్ పూర్తిగా గిటార్ పాట. ద నేషనల్ యాంథమ్ మొత్తం ఒక్క బాస్ గిటార్ వరస మీద నడుస్తుంది, అది యార్క్ స్కూల్ రోజుల్లో, పదహారేళ్లప్పుడు కట్టుకున్నది, దాని మీదకి చార్లెస్ మింగస్ జాజ్ తలపుకొచ్చేలా ఊదే వాద్యాల గుంపుని వదిలారు. హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీలో అకూస్టిక్ గిటార్ వెనక తీగవాద్యాల ఆర్కెస్ట్రా ఉంది, దాన్ని ఒక పాత చర్చిలో రికార్డు చేశారు. దాన్ని చల్లగా ఉందన్న వాళ్లు అసలు విన్నారా అని అనుమానం. తమాషా ఏమిటంటే, గిటారే లేదని అందరూ చూపించే ట్రీఫింగర్స్‌లో వినిపించేది ఓబ్రయన్ గిటారే, కంప్యూటర్‌లో పెట్టి గుర్తుపట్టలేనంతగా సాగదీశారు. అలాగని ట్రీఫింగర్స్ గొప్ప ముక్కేమీ కాదు. గిటార్‌తో చేశారని తెలిసినా తెలియకపోయినా అది ఆల్బమ్ మధ్యలో ఊపిరి తీసుకోవడానికి పెట్టిన ఖాళీ లాగే ఉంటుంది. ఆ సమాచారం పాటని మెరుగుపరచదు. అభిమానులు మాత్రం ఇలాంటి సమాచారాన్నే యోగ్యత కింద వాడేస్తుంటారు.

రెండో ఆరోపణ ఇంకొంచెం బరువైనది. వీళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లు పదేళ్లుగా చేస్తున్నదాన్ని ఎరువు తెచ్చుకుని రాక్ వినేవాళ్లకి అమ్మారు అని. ఎరువు తెచ్చుకున్న మాట నిజమే, వాళ్లు దాచలేదు కూడా. ఇడియోటెక్ పాటకి ఆధారం నాలుగు స్వరసముదాయాలు, అంటే నాలుగు కార్డ్స్, అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్‌స్టన్‌లో ఐబీఎం కంప్యూటర్ మీద చేసిన ఒక పొడవాటి రచన నుంచి తీసుకున్నవి. జానీ గంట సేపు సింథసైజర్‌తో ఏదో కెలికి రికార్డు చేసి ఇస్తే, యార్క్ అందులోంచి ఒక చిన్న ముక్క ఏరి పాట చేశాడు. లాన్‌స్కీని అడిగి, అనుమతి తీసుకుని, పేరు వేశారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. లాన్‌స్కీ రచన కూడా జర్మన్ స్వరకర్త వాగ్నర్ ట్రిస్టన్ ఒపెరాలోని ప్రసిద్ధమైన కార్డ్ మీదే కట్టింది. ఎరువుకి ఎరువు. ఎవరిది అసలు అని వెతుక్కుంటూ పోతే 19వ శతాబ్దం దాకా వెళ్లాలి. పైగా ఎరువు అనే మాట కిడ్ ఏ కే ఎందుకు తగిలించాలో అర్థం కాదు, అందరూ అమాయకమైన రాక్ అనుకునే క్రీప్‌కి రచయితలుగా ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ పేర్లు కూడా ఉన్నాయి, ద హాలీస్ బ్యాండ్ పాడిన పాత పాటతో పోలిక వల్ల.

కాబట్టి కొత్తదా కాదా అన్న ప్రశ్న పెద్దగా ఎటూ తీసుకెళ్లదు. ఇడియోటెక్‌లో చూడాల్సింది, ఒక విశ్వవిద్యాలయం మూలన పడి ఉన్న ముక్కకి డాన్స్ బీట్ తగిలించి, దాని మీద భయపడిపోయిన మనిషి గొంతు పెడితే పాట నిలబడిందా అని. నిలబడింది. కచేరీల్లో జనం ఊగిపోయే పాటల్లో అదొకటి.

ఇక మూడో రకం అభిమాని ఉన్నాడు. ఇతనిది ఆరోపణ కాదు, గొప్ప. లెక్కల గొప్ప. ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్ పది దెబ్బల లెక్కలో నడుస్తుందని, పిరమిడ్ సాంగ్ తాళం ఎవరికీ అంతుపట్టదని చెప్పి, అందుకే ఇది గొప్ప అంటాడు. పిరమిడ్ సాంగ్ సంగతే చూద్దాం. పియానో కార్డ్స్ మాత్రమే వినిపిస్తున్నంత సేపు తాళం ఎక్కడుందో నిజంగానే దొరకదు, కాలు ఆడించబోతే తప్పిపోతుంది. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు అని లెక్కపెట్టుకుంటే పదహారు వస్తుంది, అటు నుంచి చూసినా ఇటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది, కొందరు అందులో పిరమిడ్ ఆకారమే చూశారు. రెండు నిమిషాలు గడిచాక సెల్వే డ్రమ్స్ వస్తాయి, వచ్చాక తెలుస్తుంది, ఇందాకటి నుంచి ఉన్నది మామూలు నాలుగు దెబ్బల తాళమే, కాస్త ఊపుగా, అంతే. నీళ్లలో తేలుతున్నట్టున్నవాడికి కాళ్ల కింద నేల తగిలినట్టు ఉంటుంది ఆ క్షణం. ఈ లెక్క చెవికి పనికొచ్చే లెక్క, తాళం తెలియనివాడికి కూడా ఆ తేడా ఒంట్లో తెలుస్తుంది.

దీనికి పక్కనే ఇన్ రెయిన్‌బోస్ చివరి పాట వీడియోటేప్ పెట్టి చూడండి. ఇందులో పియానో సరిగ్గా దెబ్బ మీద పడుతున్నట్టే వినిపిస్తుంది, కానీ బ్యాండ్ మనసులో అది దెబ్బకి అర అడుగు ముందు పడుతోంది. ఇది కనిపెట్టి అభిమానులు పొడవాటి వివరణలు చేశారు, పాట మీద భక్తి పెరిగినవాళ్లు చాలామంది. అయితే చెప్పేదాకా ఒక్కరికీ వినపడని మెలిక వినేవాడికి ఏమిస్తుంది? వాయించేవాళ్లకి ఇస్తుంది, కచ్చితంగా. తెలిసి వాయిస్తున్నప్పుడు చేతుల్లో వచ్చే ఆ బిగువు వల్లే పాట అంత ఉగ్గబట్టుకున్నట్టు ఉంటుందని అనుకోవచ్చు. కానీ మెలిక ఉంది కాబట్టి గొప్ప పాట అనడం మాత్రం వంటవాడి కష్టం చూసి కూర రుచి ఒప్పుకోవడం లాంటిది. విచిత్రం ఏమిటంటే అదే పాటకి 2006 బొనారూ సంగీతోత్సవంలో వాయించిన రూపం ఒకటుంది, డ్రమ్స్, గిటార్లు ఎగదోసుకుంటూ వచ్చే పెద్ద పాట. అదే అసలైన వీడియోటేప్ అని, ఆల్బమ్‌లో గొంతు నులిమేశారని ఇప్పటికీ వాపోయే జనం ఉన్నారు. వాళ్లు వాదించేది ఆల్బమ్ గురించి కాదు, ప్రయోగం మంచిదా చెడ్డదా అని కూడా కాదు. ఒక పాటని ఇలా తయారుచేయాలా అలా తయారుచేయాలా అని. ఈ మొత్తం రచ్చలో ఇదొక్కటే తేల్చగలిగిన వాదన, ఎందుకంటే రెండు రూపాలూ పక్కపక్కన పెట్టి వినొచ్చు.

అలా పక్కపక్కన పెట్టి వినగలిగేవి ఈ బ్యాండ్‌కి చాలానే ఉన్నాయి. లైక్ స్పిన్నింగ్ ప్లేట్స్ అన్నింటిలోకీ చిత్రమైనది. ఐ విల్ అనే పాట మీద పనిచేస్తూ ఆ రూపం నచ్చక టేపు వెనక్కి తిప్పి విన్నారు, తిరగేసిందే బాగుందనిపించింది. దాని మీద యార్క్ కొత్తగా పాడి, ఆ పాడినదాన్ని తిరగేసి, ఆ తిరగేసిన శబ్దాలని అలాగే నోటితో పాడటం నేర్చుకుని, ఆ రికార్డింగ్‌ని మళ్లీ తిరగేశాడు. మాటలు ముందుకే నడుస్తాయి, గొంతు మాత్రం ఎక్కడో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. 2001లో అమ్నీజియాక్‌లో అది వస్తే సగం మంది ఇది పాటేనా అన్నారు. అదే ఏడాది చివర లైవ్ రికార్డు వచ్చింది, అందులో అదే పాటని యార్క్ పియానో ముందు కూర్చుని మామూలుగా పాడాడు. ఇది పాటేనా అన్నవాళ్లే కళ్లు తుడుచుకున్నారు. ట్యూన్ మారలేదు, మాటలు మారలేదు. మెలడీ లేదన్న ఆరోపణ అక్కడికక్కడే వీగిపోయింది, ఉన్నదాన్ని దాచారు అని మాత్రం అనొచ్చు. దాచడం వల్ల లాభమా నష్టమా అంటే, ఈ పాట వరకు స్టూడియో రూపంలో ఉన్న దిగులు పియానో రూపంలో లేదు. పియానోలో ఉన్నది బాధ. రెండూ వేరు.

ట్రూ లవ్ వెయిట్స్‌ది ఇంకో దారి. 1995లో మొదటిసారి స్టేజీ మీద పాడారు, ఏ ఆల్బమ్‌లోనూ ఇమడలేదు, 2001 లైవ్ రికార్డులో ఒట్టి గిటార్‌తో వచ్చింది, చివరికి 2016లో ఎ మూన్ షేప్డ్ పూల్ ఆఖరి పాటగా, ఒకదాని మీద ఒకటి తడబడే పియానోలతో, గిటార్ ఒక్క ముక్క లేకుండా వచ్చింది. ఇరవయ్యేళ్ల కుర్రవాడు బతిమాలుకున్నట్టుండే పాట అదే మాటలతో నలభై దాటినవాడు ఆశ వదిలేసుకున్నట్టు తయారైంది. పాత రూపం కోసం ఇరవయ్యేళ్లు ఎదురుచూసిన వాళ్లలో కొందరికి కోపం వచ్చింది, అర్థం చేసుకోదగ్గ కోపమే. న్యూడ్ కూడా అంతే, 1990ల చివర నుంచి చేతిలో ఉన్న పాట 2007లో గానీ ఆల్బమ్ మీదకి రాలేదు.

ఈ మాట మీద అందరికన్నా పెద్ద సాక్ష్యం ద కింగ్ ఆఫ్ లింబ్స్. 2011లో వచ్చింది, 8 పాటలు, 37 నిమిషాలు. వాళ్లు వాయించిన ముక్కల్నే కత్తిరించి, మళ్లీ మళ్లీ వచ్చేలా చుట్టలు చుట్టి, జానీ సొంతంగా రాసుకున్న ప్రోగ్రామ్‌లో పెట్టి పేర్చారు. విన్నవాళ్లలో చాలామందికి పొడిగా, ఊపిరి ఆడనట్టుగా అనిపించింది, బ్యాండ్ పని అయిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత అదే ఏడాది స్టూడియోలో కెమెరాల ముందు, క్లైవ్ డీమర్ అనే రెండో డ్రమ్మర్‌ని పెట్టుకుని, మొత్తం ఆల్బమ్‌ని చేతులతో వాయించారు. అది చూశాక మాట మార్చినవాళ్లకి లెక్కలేదు. బ్లూమ్ పాటలో ఇద్దరు డ్రమ్మర్లు ఒకరి సందులో ఒకరు దూరుతూ వాయిస్తుంటే, రికార్డులో గజిబిజిగా తోచింది ఇక్కడ ఒక మనిషి ఇంకో మనిషికి జవాబిస్తున్నట్టు వినిపిస్తుంది. పాటలు అవే. అంటే 2011 ఫిబ్రవరిలో జనం తిట్టింది పాటల్ని కాదు, ప్రయోగమనే ఆలోచననీ కాదు, ఆ పేర్చిన పద్ధతిని. ఇక్కడ తిట్టినవాళ్లదే న్యాయం. కిడ్ ఏ లో పద్ధతి పాటకి ఏదో ఇచ్చింది, ఇందులో తీసుకుంది.

దీనికి ఆల్బమ్ పక్షం వాళ్ల దగ్గర జవాబు లేకపోలేదు. ఆల్బమ్ అంటే పాటల మూట కాదు, వరస కూడా అందులో భాగమే, కిడ్ ఏ ని ముక్కలు చేసి వింటే కిడ్ ఏ కాదు అంటారు. కొంతవరకు ఒప్పుకోవాలి. ఇందాకటి ట్రీఫింగర్స్ విడిగా ఏమీ కాదు, ముందు హౌ టు డిసప్పియర్, వెనక ఆప్టిమిస్టిక్ ఉంటే దానికో పని ఉంది. అయితే ఈ పూజ హద్దులు దాటిపోతుంది. ఓకే కంప్యూటర్, ఇన్ రెయిన్‌బోస్ పాటల్ని ఒకటి విడిచి ఒకటి కలిపి వింటే రహస్యం బయటపడుతుందని ఒక సిద్ధాంతం ఉంది. రెండు మంచి ఆల్బమ్‌లు కలిపితే మంచి వరసే వస్తుంది, అందులో రహస్యం వెతకనక్కర్లేదు. మరి వరస అంత పవిత్రమైతే ఎ మూన్ షేప్డ్ పూల్‌ని ఏం చేయాలి? అందులో 11 పాటలూ ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఉన్నాయి, బర్న్ ద విచ్‌తో మొదలై ట్రూ లవ్ వెయిట్స్‌తో ముగుస్తాయి. ఏళ్లకేళ్లు దాచిన పాట చివర్లో రావడం చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లకి, దాన్ని అక్కడ కూర్చోబెట్టింది టీ అక్షరం అని తెలిస్తే కాస్త ఇబ్బందే.

అమ్నీజియాక్ ఇంకో ఇబ్బంది. కిడ్ ఏ, అమ్నీజియాక్ ఒకే రికార్డింగ్ రోజుల్లో పుట్టాయి. ఎనిమిది నెలల తేడాతో వచ్చాయి కాబట్టి మొదటిది మహాకావ్యం, రెండోది మిగిలిపోయిన సరుకు అయిపోయింది చాలామంది దృష్టిలో. 2021లో బ్యాండ్ రెండింటినీ కలిపి, అప్పట్లో బయటికి రాని ముక్కలతో ఇంకో డిస్క్ చేర్చి ఒకే మూటగా విడుదల చేసింది. అమ్నీజియాక్‌లో ఉన్న పిరమిడ్ సాంగ్ కిడ్ ఏ లో పడి ఉంటే, ట్రీఫింగర్స్ అమ్నీజియాక్‌లో పడి ఉంటే, ఏది మిగిలిపోయిన సరుకు అనేవాళ్లు?

ఏ ఆల్బమ్ ముందు విన్నారో అదే గొప్ప అనిపించడం కూడా ఉంది, దాని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, అందరికీ తెలిసిందే, ఎవరూ తమ విషయంలో ఒప్పుకోరు.

బ్యాండ్ వాళ్లయినా ఈ విషయంలో నిలకడగా ఉన్నారా అంటే లేరు. 2003లో వచ్చిన హెయిల్ టు ద థీఫ్‌లో 14 పాటలున్నాయి, తొందరగా రికార్డు చేశారు, పొడవెక్కువైందని అభిమానులు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. 2008లో యార్క్ కూడా అదే అభిప్రాయానికి వచ్చి, 4 పాటలు తీసేసి 10 పాటల కొత్త వరసొకటి రాసి పెట్టాడు. తీసేసినవాటిలో ఐ విల్ ఉంది, ఒకప్పుడు తిరగేస్తే ఇంకో పాట పుట్టిన ఆ ఐ విల్. తర్వాత ఆ ఆల్బమ్ పాటల పాత కచేరీ రికార్డింగులు మళ్లీ వింటే, వాయించిన తీరులో ఉన్న ఊపు చూసి అతనే ఆశ్చర్యపోయాడు. 2025 ఆగస్టులో వాటిని లైవ్ ఆల్బమ్‌గా విడుదల చేశారు. అందులో 12 పాటలున్నాయి, ఐ విల్ తిరిగి వచ్చింది.